మంత్రసాని అన్న మాట

నా మనవరాలు చిట్టి నర్సు ట్రైనింగులో చేరింది. వెళ్ళే ముందు నా దగ్గర కూర్చుని, "మామ్మా, నీ ఉద్యోగం సంగతులు రాసిపెట్టు, మా హాస్టల్లో పిల్లలమంతా చదువుకుంటాం" అంది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నేనేం రాస్తాను, పైగా కాగితాలు దండగ అన్నాను. పాత క్యాలెండర్ల వెనకవైపు రాయమంది. ఈ పిల్లకి నా బుద్ధి కొంతైనా అబ్బిందని సంతోషించి మొదలుపెట్టాను.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఖాయం చేశారు, ఎక్కడెక్కడికి బదిలీ చేశారు అన్నవి ఇందులో ఉండవు. అవి రాస్తే నాకే నిద్రొస్తుంది. యుద్ధం నాటి నుంచి స్వరాజ్యం వచ్చేదాకా జరిగిన నాలుగు సంగతులే చెప్తాను. పని నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. ఆ తరవాత చేసిందంతా దాన్నే మళ్ళీ మళ్ళీ చెయ్యడం.

ఏ గుమ్మం?

పెళ్ళయిన కొద్ది కాలానికే నా భర్త పోయాడు. విజయనగరం ఆసుపత్రిలో ఆడవాళ్ళకి కాన్పుల పని నేర్పుతున్నారనీ, తెలుగు చదవడం రాయడం వస్తే చాలనీ మా మేనమామ చెబితే వెళ్ళి చేరాను. నేర్చుకున్నాక చీపురుపల్లిలో జిల్లా బోర్డు వాళ్ళ ఆసుపత్రిలో మిడ్‌వైఫుగా వేశారు. ఆసుపత్రి అంటే రెండు గదులూ ఒక వరండా. కాన్పులన్నీ ఇళ్ళల్లోనే. సంచి పట్టుకుని మేమే వెళ్ళాలి.

సంచిలో ఏముండాలో మీకు పుస్తకాల్లో చెప్తారు. నేను చెప్పేది కొంచెమే. గోళ్ళు కత్తిరించుకోండి. మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోండి. కత్తెర మరిగించండి. సబ్బు దగ్గర మాత్రం పొదుపు చెయ్యకండి. ఈ మాట నా నోట వింటే మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. యుద్ధం రోజుల్లో సబ్బు దొరక్క, నా చీరలు చవుడు మట్టితో ఉతుక్కుని, ఉన్న సబ్బంతా సంచికే దాచేదాన్ని.

అసలు చిక్కంతా మా పేరుతో వచ్చింది. పట్నం ఆసుపత్రిలో తెల్లబట్టలు వేసుకుని రోగుల్ని చూసేవాళ్ళు నర్సులు. వాళ్ళని సిస్టర్ అని పిలిచేవారు. పల్లెల్లో తల్లి దగ్గరో అత్త దగ్గరో చూసి నేర్చుకుని కాన్పులు చేసేవాళ్ళు మంత్రసానులు. మేం మధ్యలో వచ్చిపడ్డాం. ఆసుపత్రిలో నేర్చుకున్నాం కనక పల్లె మంత్రసానులం కాము. కాన్పులు తప్ప వేరే పని నేర్పలేదు కనక నర్సులమూ కాము.

చీపురుపల్లిలో ఒక బట్టల కొట్టు షావుకారి ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆ ఇంటి పెద్దావిడ గుమ్మానికి చెయ్యడ్డం పెట్టి నిలబడింది.

"నర్సమ్మవా, మంత్రసానివా?"

"ఎందుకమ్మా?"

"నర్సమ్మవైతే ఈ ఈది గుమ్మంలోంచి రా. మంత్రసానివైతే సుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి రా. మా ఇంటి పద్ధతి."

లోపల్నుంచి కోడలి మూలుగు వినిపిస్తోంది.

"నొప్పులు పడతన్న పిల్ల ఏ గుమ్మానికి దగ్గరగా ఉన్నాదో సెప్పండి. అటే వస్తాను" అన్నాను.

ఆవిడ ఆలోచనలో పడింది. ఆ ఆలోచన తేలేలోపల నేను వీధి గుమ్మం దాటేశాను. ఆడపిల్ల పుట్టింది, తల్లి కులాసా. నేను చేతులు కడుక్కుంటుంటే పెద్దావిడ మళ్ళీ వచ్చి, "మరి ఎల్లేటప్పుడు ఏ గుమ్మం?" అంది. ఆవిడ తప్పేం లేదు. నిజంగానే తెలియక అడిగింది. ఊరు ఊరంతా మమ్మల్ని ఏ గుమ్మంలోంచి రమ్మనాలో తెలియకే ఉండేది.

డాక్టరు గారికి పని

మా ఆసుపత్రి డాక్టరు గారు మంచివాడు, కానీ కంగారు మనిషి. మగ డాక్టరు పురిటి గదిలోకి రాకూడదు కదా, కష్టమైన కాన్పయితే గుమ్మానికి తెర కట్టించి, దాని బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"పైడమ్మా, ఏమైంది?"

"ఇంకా ఏం కాలేదండి."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ అంతేనండి."

ఆయన గొంతులో కంగారు విని ఇంట్లోవాళ్ళు ఏడుపు లంకించుకునేవారు. వాళ్ళ ఏడుపు విని పురిటి మనిషి బెంబేలెత్తేది. ఒకనాడు నాకు విసుగొచ్చి, "డాక్టరు గారూ, వేన్నీళ్ళు చాలా కావాలి. మీరే దగ్గరుండి కాయించాలి" అన్నాను. ఆయన పంచె ఎగ్గట్టి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఇల్లు నెమ్మదించింది. పిల్లాడు పుట్టాక బయటికి వచ్చి చూస్తే, పొగకి ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇంట్లో ఉన్న ప్రతి గంగాళంలోనూ నీళ్ళు కుతకుతమంటున్నాయి.

"ఇన్ని నీళ్ళు ఎందుకు పైడమ్మా?" అన్నాడు.

"సగం మీకేనండి. మసి కడుక్కుని వెళ్ళండి" అన్నాను.

కోప్పడతాడేమో అనుకున్నాను, కోప్పడలేదు. అప్పట్నుంచి ఎవరింటికి వెళ్ళినా ముందు పొయ్యి ఎక్కడుందో అడిగేవాడు. పిల్లలూ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. కాన్పు దగ్గర పనిలేని మనిషి ఉంటే పురిటి మనిషికంటే వాణ్ణి చూసుకోవడమే కష్టం. ఏదో ఒక పని చెప్పి పంపెయ్యండి. అయితే ఏం చెబుతున్నారో చూసుకుని చెప్పండి. అది ఎందుకో ఇప్పుడు రాస్తాను.

ఎర్రయ్య విప్పిన ముడులు

అప్పలనరసమ్మ నాతోపాటు ట్రైనింగైన పిల్ల. నాకంటే చిన్నది, నన్ను అప్పా అని పిలిచేది. శ్రీకూర్మం దాటాక సముద్రపొడ్డునున్న ఒక పల్లెలో ఆమెని మిడ్‌వైఫుగా వేశారు. అంతా చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. ఇంట్లో ఆడమనిషికి నొప్పులొస్తే ముడులన్నీ విప్పేస్తారు. జడ ముడి, బట్టల మూటలు, దండెం తాడు, దూడ మెడలో పలుపు, అన్నీ. ముడి విడితే బిడ్డకి దారి దొరుకుతుందని వాళ్ళ నమ్మకం.

నన్నడిగితే, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. బొడ్డు మీద పేడ పులమబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాలి, అక్కడ మొహమాటం పనికిరాదు. జడ విప్పుకుంటామంటే విప్పుకోనివ్వండి. మాన్పించాల్సినవి చాలా ఉంటాయి. మాన్పించక్కర్లేని వాటి మీద మాటలు ఖర్చుపెట్టకండి.

ఎర్రయ్య అనే కుర్రాడి భార్యకి తొలి కాన్పు వచ్చింది. పొద్దుటి పూట. ఎర్రయ్య గుమ్మంలోంచి కదలడు. "బిడ్డొచ్చీసిందా? తలకాయి కనబడతందా? అదేటి అలగ అరుస్తంది?" అని ఒకటే గోల. అప్పలనరసమ్మ ఓపిక పట్టి పట్టి, "ఒరే ఎర్రయ్యా, ఇక్కడ నిలబడి నువ్వేటి సేస్తావు? ఎల్లి ముడులన్నీ విప్పీసి రా. ఒక్కటి మిగలకూడదు సూడు" అంది.

ఎర్రయ్య చెప్పిన మాట జవదాటని మనిషి. తన ఇంట్లో ముడులు అయిపోయాక పక్కింటివి విప్పాడు. ఆరేసిన వలల తాళ్ళు విప్పాడు. అక్కణ్ణించి, ఊరి పక్కన సముద్రంలో కలిసే ఏటి ఒడ్డుకి వెళ్ళాడు. ఎండుచేపల షావుకారి పడవ బస్తాలతో సహా గుంజకి కట్టేసి ఉంది. దాన్నీ విప్పేశాడు. అప్పుడు నీరు సముద్రంలోకి లాగుతోంది.

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ధీమాగా చెప్పాడు: "అయిపోనాదమ్మా. ఊరంతా విప్పీసినాను. షావుకారి పడవ కూడా."

"ఓలమ్మో! పడవేట్రా?" అని అప్పలనరసమ్మ అనేలోపల బిడ్డ ఏడ్చింది. మగపిల్లాడు. పడవ విప్పడంవల్లే అంత సులువుగా పుట్టాడని ఊరంతా అనుకుంది.

పడవ దూరాన ఇసక మేట మీద దొరికింది. పడవకేం కాలేదు గాని ఎండుచేపలు మళ్ళీ పచ్చిచేపలయ్యాయి. షావుకారికి బోర్డులో పలుకుబడి ఉంది. మంత్రసాని మూఢనమ్మకాలు నేర్పి ఊళ్ళో పడవలు వదిలేయిస్తోందని ఫిర్యాదు చేశాడు. బోర్డు మెంబరు గారు విచారణ కూడా అక్కర్లేదన్నారు. "మంత్రసానే కదా, ఇంకొకర్ని వేస్తాం" అన్నారట. నెలాఖరుకి మానుకోమని అప్పలనరసమ్మకి కబురొచ్చింది. ఇంట్లో మంచం పట్టిన తల్లి. ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు.

నర్సునైతే అలా తీసెయ్యలేరు. విజయనగరంలో నర్సుల సంఘం ఉంది. ఏ నర్సు మీదైనా ఫిర్యాదొస్తే సంఘం వాళ్ళు వెళ్ళి ఎదురుగా కూర్చుని మాట్లాడేవారు. మా తరపున వెళ్ళేవాళ్ళే లేరు. మమ్మల్నీ ఆ సంఘంలో చేర్చుకోమని అడుగుదామని బయల్దేరాం.

బాకీ కాదండి

ఆదివారం మధ్యాహ్నం సమావేశం. అప్పలనరసమ్మ ఆమదాలవలసలో రైలెక్కింది, నేను చీపురుపల్లిలో అదే పెట్టె ఎక్కాను. శృంగవరపుకోట నుంచి నూకాలమ్మ అనే మిడ్‌వైఫూ, ఇంకా చుట్టుపక్కల మావాళ్ళు కొందరూ వచ్చారు. నర్సుల క్వార్టర్స్ వరండాలో వాళ్ళు బెంచీల మీద, మేం చాపల మీద.

సంఘం అధ్యక్షురాలు సలోమి గారు. గుంటూరు వైపు మనిషి. ఇస్త్రీ నలగకుండా పగలంతా పనిచెయ్యగలిగిన ఆవిడ, ఆవిడంటే అందరికీ హడలు. పక్కన కార్యదర్శి కమల, చిన్న వయసు, గడగడా మాట్లాడే పిల్ల.

"ఇది నర్సుల సంఘమండీ. మీరు నర్సులు కాదు కదా" అంది కమల.

"మీరు కాన్పుల వార్డులో చేసే పనే మేం ఇళ్ళల్లో చేస్తున్నాం కదమ్మా" అన్నాను.

వెనక బెంచీ మీంచి ఒక నర్సు లేచింది. "ఇప్పటికే మా ఊళ్ళో, మీ అమ్మాయి పట్నంలో మంత్రసాని పని సేస్తందట కదా అని మా నాన్నని ఆడిపోసుకుంటన్నారు. మీరు కూడా సేరితే ఇంక ఆ పేరే కాయమైపోతాది." అంటూనే ఏడ్చేసింది.

నాకు కోపం రాలేదు. నర్సులు గర్వంతో మమ్మల్ని తోసెయ్యలేదు. సిస్టర్ అనిపించుకోడానికి వాళ్ళు ఎన్ని మాటలు పడ్డారో నాకు తెలుసు. అదెక్కడ జారిపోతుందోనని వాళ్ళ భయం. భయపడ్డవాళ్ళతో గట్టిగా మాట్లాడవచ్చు, చులకనగా మాట్లాడకూడదు.

సలోమి గారు చేత్తో అందర్నీ ఊరుకోమన్నారు. "మన నిబంధన ఒకటుంది. సిస్టర్ అని పిలిపించుకునే వాళ్ళే ఇందులో సభ్యులు. మిమ్మల్ని జనం ఏమని పిలుస్తారు?"

"అప్ప అంటారండి" అంది అప్పలనరసమ్మ.

"అప్పా? ఎవరికి బాకీ ఉన్నావమ్మా?"

వరండా అంతా గొల్లుమంది. ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వింది. సలోమి గారికి ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు.

"బాకీ కాదండి" అన్నాను. "మావైపు అక్కని అప్ప అంటారు. సిస్టర్ అన్నా అదే కదండీ. మిమ్మల్ని ఇంగ్లీషులో పిలుస్తున్నారు, మమ్మల్ని తెలుగులో పిలుస్తున్నారు. ఏ భాషలో పిలవాలో మీ నిబంధనలో ఉందా?"

సలోమి గారు కమల వైపు చూశారు. "అలా ఏం లేదండీ" అంది కమల చిన్నగా.

సలోమి గారు అప్పలనరసమ్మని ముందుకి పిలిచి జరిగిందంతా చెప్పించుకున్నారు. "ముడులు విప్పితే కాన్పు సులువవుతుందని నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగారు.

"నమ్మనండి. మొగుడు గుమ్మంలోంచి కదిలితే సులువవుద్దని నమ్ముతాను."

ఈసారి సలోమి గారు కూడా నవ్వారు, రుమాలు అడ్డం పెట్టుకుని.

కమల ఒక దారి చెప్పింది. మమ్మల్ని సహాయ సభ్యులుగా చేర్చుకుంటారట. సమావేశాలకి రావచ్చు గాని, దేనికీ చెయ్యెత్తే హక్కు ఉండదు. పేరు నర్సుల సంఘమే. మావాళ్ళల్లో కొందరు తలలూపారు. నేను లేచి నిలబడ్డాను.

"కమలమ్మా, సగం పురుడు పొయ్యడం నాకు నేర్పలేదు. బిడ్డ బయటికైనా రావాలి, లోపలైనా ఉండాలి. మాకూ చెయ్యెత్తే హక్కు కావాలి. సంఘం పేరులో మంత్రసానులని కూడా ఉండాలి."

నూకాలమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. "ఒలప్పో, ఆ మాటెందుకే? మిడ్‌వైఫని పెట్టించు, గౌరవంగా ఉంటాది."

"అప్పలనరసమ్మని తీసీమన్నప్పుడు ఆ మెంబరు ఏ మాటన్నాడు? మంత్రసానే కదా అన్నాడు. ఆ మాట మన సంఘం పేరులో ఉంటే, ఇంకోసారి 'కదా' అనడానికి ఆలోసిస్తాడు."

చేతులెత్తమన్నారు. మొదటి చెయ్యి ఇందాక ఏడ్చిన పిల్లది. మెల్లగా మిగతావీ లేచాయి. అన్నీ లేవలేదు గాని సరిపడా లేచాయి. మేం సభ్యులమయ్యాం. పేరు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ గోల మొదలైంది. "పేరు సంగతి తరవాత చూద్దాం. ముందు ఈ అమ్మాయి ఉద్యోగం" అని సలోమి గారు లేచి వెళ్ళారు.

ఇంకో రెండు కుర్చీలు

మెంబరు గారిది శ్రీకాకుళం. సలోమి గారు, నేను, అప్పలనరసమ్మ ముగ్గురం వెళ్ళాం. ఆయన వసారాలో పేపరు చదువుకుంటున్నారు. సలోమి గారిని చూసి, "రండి సిస్టర్, రండి" అని ఒక కుర్చీ చూపించారు. ఒకటే చూపించారు. ఆవిడ కూర్చోలేదు.

వచ్చిన పని విని ఆయన నవ్వారు. "మంత్రసాని తగువుకి మీరు రావడమేమిటి సిస్టర్? మీ గౌరవానికి తగునా?"

ఈమె మంత్రసాని కాదండీ, చదువుకున్న మిడ్‌వైఫండీ అని ఆవిడ అంటారనుకున్నాను. అలా అంటే పని జరిగేదేమో గాని, పల్లెల్లో ఉన్న మిగతా వాళ్ళ సంగతి అక్కడితో సరి.

సలోమి గారి ముఖం ఎర్రబడింది. "నేనూ మంత్రసానినేనండీ. నర్సు పనితో పాటు అది కూడా నేర్చుకున్నాను. ముగ్గురు మంత్రసానులం మీతో మాట్లాడడానికి వచ్చాం. ఇంకో రెండు కుర్చీలు వేయిస్తారా?"

ఆయన నోరు తెరిచే ముందే తలుపు చాటు నుంచి ఆయన భార్య గొంతు వినబడింది. "ఒలే సింహాచలం, కుర్చీలు బేగి అట్టుకెల్లే. మన బుల్లిబాబుని తీసింది కూడా మంత్రసాని సేతులే."

కుర్చీలు వచ్చాయి. కూర్చున్నాం. అప్పలనరసమ్మ అంచున కూర్చుంటే సలోమి గారు భుజం పట్టి వెనక్కి జరిపారు. మెంబరు గారు షావుకారినీ పిలిపించారు. ఆయన తన చేపల గోడు వెళ్ళబోసుకున్నాడు. బస్తాలున్న పడవని కాపలా లేకుండా వదిలెయ్యడం ఎవరి తప్పని నేను అడిగాను. తప్పు కొంచెం కొంచెం అందరికీ పంచాక, చివరికి తేలింది ఇది. షావుకారు పడవకి కాపలా పెట్టుకోవాలి. అప్పలనరసమ్మ మొగుళ్ళకి ముడుల పని చెప్పకూడదు. ఉద్యోగం మాత్రం ఉంటుంది.

"మరి మొగుళ్ళకి ఏ పని సెప్పమంటారండి?" అని అడిగింది ఆ పిల్ల మెంబరు గారినే. నేను కాలు తొక్కాను.

వీధిలోకి వచ్చాక సలోమి గారు రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. "ఆ మాట అంటే నోరు కాలిపోతుందనుకునేదాన్ని పైడమ్మా. ఏం కాలేదు" అన్నారు.

పేరు రాయించడం

ఆ పై సమావేశంలో పేరు గురించి ఎవరూ పెద్దగా వాదించలేదు. సలోమి గారే ప్రతిపాదించారు. ఇక మిగిలింది వరండాలో వేలాడే పలక మీద పేరు మార్పించడం. కొత్త పలక చేయిద్దాం అంది కమల. పాతది బంగారంలా ఉంది, కింద కాస్త ఖాళీ కూడా ఉంది, అక్కడ రాయించమన్నాను. పెయింటరుని తెచ్చే పని కూడా నా మీదే వేసుకున్నాను.

పెయింటరు 'నర్సుల' అన్న పాత అక్షరాలు పెద్దగా అలాగే ఉంచి, వాటి కింద మిగిలిన సందులో 'మంత్రసానుల' అని చీమల బారులా ఇరికించాడు. నాకు బాగానే ఉందనిపించింది. సలోమి గారు డ్యూటీ దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.

"తుడిచెయ్యి" అన్నారు.

"అమ్మగారూ, రంగు దండగ" అన్నాను.

"రెండు మాటలూ ఒకే ఎత్తు ఉండాలి."

"ఆ మాట పొడుగెక్కువండి, అంత పెద్ద అచ్చరాలు పట్టవు" అన్నాడు పెయింటరు.

"అయితే 'నర్సుల' అన్నది తగ్గించి రాయి. రెండూ పడతాయి."

పెయింటరు నావైపు చూశాడు. నేను ఇంకోసారి రంగు మాట ఎత్తలేదు. గుడ్డ తడిపి అతని చేతికిచ్చాను.